వాళ్ళ కిటికీలో మన పేజీ

ఆసుపత్రి క్వార్టర్సు, మూడో అంతస్తు

పిచ్చుకకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కుశలం ఒకవైపే ఉన్నట్టుంది, అదీ ఏ వైపో తెలియడం లేదు. అందుకని మానేశాను.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. మొన్న ఫోనులో మనం మాట్లాడుకున్నది గుర్తుందిగా. నువ్వు ఒకటంటే నేను రెండన్నాను. చివరికి ఎవరు ముందు పెట్టేశారో కూడా తెలియదు. కాగితం మీదైతే అన్న మాట కొట్టేసుకోవచ్చు. ఈ పేజీలో కొట్టివేతలు చాలానే ఉన్నాయి. అవన్నీ నీ మీద నాకున్న అభిమానమే అనుకో.

విషయానికొస్తాను. నిన్న పొద్దున మన సైటుకి వచ్చే ఫోనులెత్తే ఫోనక్క పక్కన కూర్చున్నాను. ఒక వడ్రంగి ఫోను చేశాడు. భార్యకి పక్షవాతమట. ఆసుపత్రి వాళ్ళు ఇక ఇంట్లో చూసుకోమని పంపేశారట.

"'మంచం పక్కన' సైటంటే మీరేనాండీ? మంచాన పడ్డవాళ్ళని ఇంట్లో ఎలా చూసుకోవాలో బొమ్మలు పెట్టారంటే చూస్తున్నాను. నీళ్ళు పట్టే పేజీలో ఒకటో బొమ్మ ఉంది, రెండు ఉంది, నాలుగు ఉంది. మూడోది రహస్యమాండీ?" అన్నాడు.

ఫోనక్క నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మూడో బొమ్మ ఏదో నీకు తెలుసు. తల కింద దిండ్లు పెట్టి, ఎత్తి, కూర్చోబెట్టినట్టు చెయ్యడం. అది చెయ్యకుండా నాలుగోది చేస్తే నీళ్ళు కడుపులోకి పోవు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మీ అమ్మ మంచం పట్టిన ఆ మూడేళ్ళలో నేను ఒక్కసారి కూడా మరిచిపోని పని అది.

ఆయన చేత తెర ఫొటో తీయించి తెప్పించుకున్నాను. పైన మనది కాని పట్టీ ఒకటి ఉంది. దాని మీద వెతుకుడు కంపెనీ వాళ్ళ గుర్తు, పక్కన మూసెయ్యడానికి ఇంటూ గుర్తు. ఎక్కడో అడుగున ఉండాల్సిన మన ప్రకటన డబ్బా తెల్లగా, ఖాళీగా వచ్చి సరిగ్గా మూడో బొమ్మ మీద కూర్చుంది. ప్రకటనా కనిపించదు, బొమ్మా కనిపించదు. నా ఫోనులో చూస్తే మాత్రం అంతా చక్కగా ఉంది. ఆయనకే ఎందుకలా వచ్చింది?

నాకు అర్థమయ్యే మాటల్లో రాయి. నీ కంప్యూటరు భాష వద్దు.

మీ అన్నయ్య ఎలా ఉన్నాడని నేను అడగను. విడాకులయ్యాక అడగడం మర్యాద కాదంటారు. నువ్వు మాత్రం ఎప్పటిలాగే చివర్లో ఒక వాక్యం రాస్తావుగా, అది మానకు.

వదిన
(నువ్వింకా అలాగే పిలుస్తున్నావు కాబట్టి అలాగే సంతకం పెట్టాను.)


మేడ మీద గది

వదినా,

నీ కొట్టివేతల్ని కిటికీ వెలుగుకి అడ్డం పెట్టి చూశాను. రెండు చదవగలిగాను. ఒకటి "మొద్దు". రెండోది రాయను, పోస్టుమ్యాను చదువుతాడేమో.

అర్థమయ్యేలా చెప్పమన్నావు కదా, విను. ఇన్నాళ్ళూ వెతుకుడు కంపెనీ (ఈ పేరు బాగుంది, నేనూ తీసుకుంటున్నాను) ఏం చేసేది? ఎవరైనా వెళ్ళి "మంచాన ఉన్నవాళ్ళకి నీళ్ళు పట్టడం ఎలా?" అని అడిగితే మన గుమ్మం చూపించేది. వాళ్ళు మన ఇంటికి వచ్చేవాళ్ళు. ఇప్పుడలా కాదు. పేజీ త్వరగా తెరుచుకోవాలంటూ దాన్ని ముందే తెచ్చి తమ దగ్గర పెట్టుకుంటున్నారు. అడిగినవాళ్ళకి వాళ్ళ కిటికీలోంచే చూపిస్తున్నారు. మా కంప్యూటరు వాళ్ళు దాన్ని ఫ్రేము అంటారు. చూసేవాళ్ళు మన ఇంటికి వచ్చామనే అనుకుంటారు. నిజానికి వాళ్ళ వరండా కూడా దాటలేదు.

మరి మన యాడ్లకి ఏమొచ్చిందీ అంటావు. యాడ్ అనేది అనుమానపు చుట్టం వదినా. లోపలికి రాగానే "ఇది ఎవరిల్లు?" అని అడుగుతుంది. మన చిరునామా కనిపిస్తే కూర్చుంటుంది. వాళ్ళ చిరునామా కనిపించేసరికి గుమ్మంలోనే ఆగిపోతుంది. దానికోసం మనం వేసిన కుర్చీ మాత్రం ఉండిపోతుంది. నువ్వు చూసిన తెల్ల డబ్బా ఆ కుర్చీయే. దాన్ని నేను "తెర అడుగునే అంటిపెట్టుకుని ఉండు" అని కట్టాను. వాళ్ళ కిటికీలో తెర అడుగు ఎక్కడుందో దానికి తెలియక, పేజీ పొడవంతా కొలుచుకుని, తప్పు లెక్క వేసుకుని మధ్యలో ఎక్కడో కూలబడుతోంది. నువ్వూ నేనూ తిన్నగా మన చిరునామాకే వెళ్తాం కాబట్టి మన ఫోన్లలో ఇది కనిపించదు. పురుడు పోసిన మంత్రసానికే బిడ్డ జాడ తెలియనట్టుంది నా పని.

యాడ్ కంపెనీ వాళ్ళేమో "మీ ప్రకటనలు ఎవరూ చూడలేదండీ, కాబట్టి ఏమీ రాదు" అంటున్నారు. చూసేవాళ్ళు తగ్గారా అంటే తగ్గలేదు, పెరిగారు. ఇంటి నిండా జనం, పొయ్యి మాత్రం వెలగడం లేదు. ఇలాగే సాగితే ఫోనక్క జీతం ఎక్కడినుంచి తేవాలో తెలియదు.

వెతుకుడు కంపెనీకి రాశాను. "మీ సందేశం మాకు చాలా ముఖ్యం" అని జవాబొచ్చింది. మళ్ళీ రాశాను. అదే ముఖ్యం మళ్ళీ వచ్చింది.

ఒక మార్గం ఉంది. పేజీ తలలో కంప్యూటరుకి ఆజ్ఞగా ఒక్క పంక్తి పెడితే చాలు, పరాయి కిటికీలో ఉన్నానని తెలియగానే మన పేజీ ఆ అద్దం పగలగొట్టుకుని మన ఇంటికి పరిగెత్తుకొస్తుంది. కానీ అలా చేసిన పేజీల్ని తమ జవాబుల వరసలో కిందకి నెట్టేస్తామని వాళ్ళు ముందే చెప్పారు. అంతలోతుకి దారి తప్పినవాడు కూడా రాడు.

ఆ డబ్బాని ఎలాగోలా పక్కకి జరపాలని చూస్తున్నాను. ఇవాళ జరిపితే మర్నాటికి వాళ్ళ కిటికీ కొలతలు మారుతున్నాయి. కాస్త ఓపిక పట్టు.

అన్నయ్య బాగున్నాడు. కొత్త కళ్ళద్దాలు తీసుకున్నాడు. అవి ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడానికి పాతవి వాడుతున్నాడు.

నీ పిచ్చుక


ఆసుపత్రి, నర్సుల గది

పిచ్చుకా,

నిన్న నేను ఫోనులో అరిచాక నువ్వు నీళ్ళ పేజీలో ప్రకటనలు తీసేశావు. ఇప్పుడే వెతుకుడు కంపెనీ కిటికీలోంచి వెళ్ళి చూశాను. నాలుగు బొమ్మలూ కనిపిస్తున్నాయి. అరుపుల మధ్య చెప్పలేనివి కొన్ని ఉండిపోయాయి, అవి రాస్తున్నాను.

నిన్న నీకు చెప్పానే, ఆ అమ్మాయి బట్టల కొట్లో పనిచేస్తుంది. ఇంట్లో తను, వాళ్ళ అమ్మమ్మ, అంతే. ఆసుపత్రి వరండాలోంచి ఫోను చేసింది. ఫోనక్క కంగారుపడి నాకిచ్చింది.

"మీరు చూపించినట్టే చేశానండీ. మెలకువగా ఉందో లేదో చూశాను. నోరు తుడిచాను. చెంచాతో పట్టాను" అంది.

"తల ఎత్తలేదా అమ్మా?"

"ఎత్తమని ఎక్కడుందండీ?"

ఆ అమ్మాయి నా మీద అరవలేదు. నిందించలేదు కూడా. నిజంగానే అడిగింది, తెలుసుకుందామని. నేను ఇన్నేళ్ళుగా ఎంతోమంది చుట్టాల చేత తిట్లు తిన్నాను. డాక్టరు మీద కోపం నర్సు మీద తీర్చుకోవడం లోకంలో ఉన్నదే. ఏ తిట్టూ నన్నింత నొప్పించలేదు.

పెద్దావిడకి ఆక్సిజను పెట్టారు. నిన్నటినుంచి పూటపూటకీ ఫోను చేస్తున్నాను. "ఇంకా అలాగే ఉందండీ" అంటుంది ఆ అమ్మాయి, ఏదో తప్పు తను చేసినట్టు గొంతు తగ్గించి.

నీ ఉత్తరంలో అనుమానపు చుట్టం, కూలబడ్డ కుర్చీ, అన్నీ బాగున్నాయి. ఫోనక్కకి కూడా చదివి వినిపించాను, ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అదోలా ఉంది. నీది తప్పని అనడం లేదు. నీకు కనిపించనిదాన్ని నువ్వెలా సరిచేస్తావు? నాకూ కనిపించలేదు. ఒక్క వడ్రంగికి కనిపించింది, ఆయన అడిగాడు, బతికిపోయాడు. అడగని వాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరికి తెలుసు? వార్డులో రోగి నొప్పి అంటే మందిస్తాం. నోరు విప్పని రోగితోనే భయం.

నీళ్ళు, మందులు, గొట్టంతో ఆహారం, ఈ మూడు రకాల పేజీల్లోనూ ప్రకటన అన్నది ఉండకూడదు. ఆదాయం పోతుందంటావు, తెలుసు. పోనీ.

చాలా అలిసిపోయాను. ఇది రాస్తూ బల్ల మీద తలపెట్టి కాసేపు పడుకున్నాను కూడా. అక్షరాలు వాలిపోయిన చోట అదే కారణం.

వదిన


రైలు పెట్టె, తిరుగు ప్రయాణం

వదినా,

రైలు ఊగుతోంది, అక్షరాలు నీకంటే ఘోరంగా ఉన్నాయి, సర్దుకో.

నువ్వు చెప్పిన పేజీలన్నిట్లోనూ ప్రకటనలు తీసేశాను. ఇక దుప్పట్లు ఉతకడం, చక్రాల కుర్చీ కొనడం, చుట్టాలతో వేగడం లాంటి పేజీల్లోనే మిగిలాయి. అవీ ఆ కిటికీలో ఖాళీ డబ్బాలే.

వెతుకుడు కంపెనీ వాళ్ళు చిన్న సైట్లవాళ్ళందరినీ పిలిచి కష్టసుఖాలు వింటామంటే వెళ్ళొస్తున్నాను. పెద్ద హాలు. గోడలకి నవ్వుతున్న మనుషుల బొమ్మలు. వరసలో నా ముందు వంటల సైటు ఆయన, వెనక పిల్లల పాటల సైటు ఆవిడ. ఒకరికొకరం తెలియదు గానీ అందరి ఫోనులోనూ ఒకే ఫొటో, తెల్ల డబ్బా. వంటలాయన పేజీలో అది ఉప్పెంత వెయ్యాలో చెప్పే చోట కూర్చుందట. "చప్పిడి మనిషినని పేరొచ్చిందండీ నాకు" అన్నాడు. నవ్వాను గానీ మా అందరి నవ్వూ అలాగే ఉంది, చప్పగా.

కంపెనీ తరఫున బల్ల వెనక ఒకాయన కూర్చున్నాడు. నడివయసు. మెడలో కార్డు తిరగబడి ఉంది. నాకంటే ఎక్కువ అలిసిపోయి ఉన్నాడు.

"మీ పేజీ ఇదివరకటి కంటే త్వరగా తెరుచుకుంటోంది కదమ్మా?" అన్నాడు.

"తెరుచుకుంటోందండీ. మీ ఇంట్లో."

"చదివేవాళ్ళకి కావలసింది అదే కదా."

"చదివేవాళ్ళకి మూడో బొమ్మ కావాలండీ" అని ఫొటో చూపించి ఆ అమ్మమ్మ సంగతంతా చెప్పాను. చాలాసేపు చూశాడు. ఫొటోని పెద్దది చేసి మరీ చూశాడు.

"ప్రకటనలు చూసే విభాగం వేరమ్మా. కిటికీ చూసే విభాగం వేరు. నేను ఆ రెండూ కాదు. వినడానికి వచ్చాను" అన్నాడు.

"విని ఏం చేస్తారు?"

"రాసుకుంటాను."

నిజంగానే రాసుకున్నాడు. పెన్ను మధ్యలో ఆగిపోతే నాదిచ్చాను. నేను వెళ్ళేటప్పుడు లేచి నిలబడి, "మీరు ఆ పేజీలో ప్రకటనలు తీసెయ్యడం మంచిపని. మావాళ్ళు సరిచేసేదాకా ఆగకండి. చాలా కాలం పడుతుంది" అని మెల్లిగా అన్నాడు. వదినా, ఆ హాలు మొత్తంలో నిజం చెప్పింది ఆయనొక్కడే. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే కూడా కుదరలేదు. పెన్ను మాత్రం తిరిగివ్వలేదు.

పెద్దావిడకి ఎలా ఉంది? రాయి.

పిచ్చుక


ఫోనక్క కుర్చీ

పిచ్చుకా,

పెద్దావిడ ఇంటికొచ్చింది. చిక్కి సగమైంది, కానీ వచ్చింది. ఆ అమ్మాయి దిండ్లు పెట్టి ఫొటో తీసి పంపింది, సరిగ్గా పెట్టిందో లేదో చూడమని. సరిగ్గానే పెట్టింది. ఫోను పక్కన పెట్టి ఏడ్చాను. నర్సులు ఏడవకూడదనే రూలేమీ లేదు, డ్యూటీలో తీరిక ఉండదు, అంతే.

పైన చూశావుగా, నేను ఎక్కడ కూర్చుని రాస్తున్నానో. ఫోనక్క వెళ్ళిపోయింది. పిల్లల క్లినిక్‌లో పని దొరికిందట, నాకు చెప్పడానికి మొహమాటపడి ముందే టీ తెచ్చి పెట్టింది. ఆ టీ చూడగానే అర్థమైంది. "వెళ్ళవే తల్లీ, మేమిచ్చేది ఎటూ సగం జీతమే కదా ఇప్పుడు" అన్నాను. ఇప్పుడు డ్యూటీ దిగి వచ్చి ఈ ఫోనులన్నీ నేనే ఎత్తుతున్నాను. నీకు ముందే చెబితే నువ్వు అక్కడినుంచి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. వచ్చి మాత్రం ఏం చేస్తావు?

నీ పంక్తి సంగతి. కిటికీ పగలగొట్టేది. పెట్టెయ్యి. ఫోనక్కని మళ్ళీ పిలవడానికి జీతానికైనా ఒక దారి దొరుకుతుందేమో చూద్దాం. కిందకి నెడితే నెట్టనీ. ఎంత కిందకి నెడతారో చూద్దాం.

అదీ పనిచెయ్యకపోతే మూసేద్దామా? కోపంతో అడగడం లేదు. ఊరికే అడుగుతున్నాను. చెప్పులు అరిగితే అరిగాయని అంటాం కదా, అలా.

ఇంకొకటి. నీ ఉత్తరంలో మీ అన్నయ్య లేడు. ఇన్నేళ్ళలో ఏ ఉత్తరంలోనూ ఆ ఒక్క వాక్యం నువ్వు మానలేదు. రైలు ఊగిందని మరిచిపోయావని నమ్మమంటావా? ఒంట్లో బాగాలేదా ఆయనకి? చెప్పు. దాచేకొద్దీ జబ్బు ముదురుతుందని నీకు నేను చెప్పాలా?

వదిన


మేడ మీద గది

వదినా,

ముందు పేజీల సంగతి చెప్పేసి తర్వాత రెండోదానికి వస్తాను. రెండోది రాయడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి.

పంక్తి పెట్టాను. పనిచేసింది. కిటికీలోంచి చూసే ప్రతివాళ్ళూ టక్కున మన ఇంట్లో వచ్చి పడుతున్నారు. యాడ్లు బుద్ధిగా కుర్చీల్లో కూర్చున్నాయి. నాకు సంతోషమేసింది. ఆ సంతోషం రెండు వారాలు కూడా నిలవలేదు. వచ్చేవాళ్ళు సగమయ్యారు, తర్వాత ఆ సగంలో సగం. ఇప్పుడు నీళ్ళు పట్టడం ఎలా అని అడిగితే మన పేజీ ఎక్కడో అట్టడుగున ఉంది. పైన ఎవరున్నారో చూశాను. నాలుగు ఫొటోలు, పది యాడ్లు, తల ఎత్తమని ఎక్కడా లేదు. అది వాళ్ళ కిటికీలో అద్దంలా మెరుస్తోంది.

సైటు సంగతి ఇదీ.

అన్నయ్య పెళ్ళి చేసుకున్నాడు. ఆఫీసులో సంతకాలు పెట్టి, సాక్షులకి టీ ఇచ్చి, అయిందనిపించారు. ఆ సాక్షుల్లో నేనొకదాన్ని. రైలెక్కే ముందురోజే జరిగింది. అందుకే ఆ ఉత్తరంలో అన్నయ్య లేడు. బాగున్నాడని రాస్తే అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఆవిడ మంచిదే వదినా. చెడ్డదైతే నాకు తేలికగా ఉండేది. పుస్తకాల కొట్లో లెక్కలు చూస్తుంది. తక్కువ మాట్లాడుతుంది. అన్నయ్య కళ్ళద్దాలకి ఒక తాడు కట్టింది. "వదినా అని పిలు" అన్నాడు అన్నయ్య, అందరి ముందూ. నేను పేరు పెట్టి పిలిచాను. ఆవిడ ఏమీ అనుకోనట్టే ఉంది గానీ అన్నయ్య మొహం చిన్నబోయింది.

నువ్వు మూసేద్దామా అని అడిగావు. ఆ మాట చదివి రోజంతా పని చెయ్యలేకపోయాను. యాడ్ల కోసం కాదు, వచ్చేవాళ్ళు తగ్గినందుకూ కాదు. ఈ సైటు లేకపోతే నేను నీకు ఏమని ఉత్తరం రాయాలి? మనిద్దరి మధ్యా ఉన్న చుట్టరికం అన్నయ్య. ఆయన తప్పుకున్నాడు. ఆ తర్వాత నీళ్ళు పట్టే పేజీ, పుండ్లు కడిగే పేజీ, ఇవే కదా మనకి మిగిలాయి. మూడో బొమ్మలో దిండ్లు పెడుతున్న చేతులు నీవే. అమ్మ దగ్గర నువ్వు ఉన్నప్పటి ఫొటో చూపించి వేయించాను. అమ్మ మంచం పక్కన ఉండాల్సినదాన్ని నేను, ఉన్నది నువ్వు. ఆ సైటు మూసేస్తే నువ్వు నాకు ఎవరవుతావు?

ఇది రాయడానికి మూడు కాగితాలు చింపాను.

పిచ్చుక


ఆసుపత్రి క్వార్టర్సు

ఒసేయ్ మొద్దూ,

ఈసారి కొట్టెయ్యలేదు చూడు.

మీ అన్నయ్య పెళ్ళి సంగతి నాకు ఆయనే ఫోను చేసి చెప్పాడు, సంతకాలకి వారం ముందు. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలియక ఆయన నసుగుతుంటే, "శుభం, ఆరోగ్యం చూసుకో" అన్నాను. నాకు చెప్పినట్టు నీకు తెలియకూడదని ఆయన, పెళ్ళి సంగతి నాకు తెలియకూడదని నువ్వు, నీకు తెలుసో లేదో తెలియక జబ్బా అని అడిగి నేను. ముగ్గురం కలిసి ఒక రోగికి మూడుసార్లు ఒకే మందు వేసినట్టుంది.

నాకు బాధ లేదా అంటే ఉంది. కుట్లు విప్పాక ఉండే నొప్పి లాంటిది. మేము కొట్టుకుని విడిపోలేదు పిచ్చుకా. అత్తయ్య పోయాక ఇంట్లో చెయ్యడానికి పనేమీ లేక ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అలిసిపోయిన ఇద్దరు మనుషులు కనిపించారు, అంతకంటే ఏమీ కనిపించలేదు. ఆయన కళ్ళద్దాలకి తాడు కట్టాలన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడకి వచ్చింది. పిలువు ఆవిడని వదినా అని. ఒకరిని పిలిస్తే ఇంకొకరికి తరిగిపోయే మాటా అది?

ఇక సైటు. ఆ పంక్తి తీసెయ్యి. వాళ్ళు మనల్ని మళ్ళీ పైకి తెస్తారో లేదో, తీసెయ్యి. ప్రకటనలన్నీ కూడా తీసెయ్యి, దుప్పట్ల పేజీలోవి కూడా. ఎవరి కిటికీలో పెట్టుకుంటారో పెట్టుకోనీ, ఎవరి గుర్తు పైన వేసుకుంటారో వేసుకోనీ. బొమ్మలు నాలుగూ కనిపిస్తే నాకు చాలు. వాళ్ళే గెలిచారంటావు. అవును, గెలిచారు. ఎవరు గెలిచారో చూస్తూ నిలబడే ఓపిక నా కాళ్ళకి లేదు. సైటు నిలబెట్టుకోవడానికి అయ్యే కాస్త ఖర్చు ఇద్దరం పంచుకుందాం.

ఫోను మాత్రం తీయించేశాను. అది రాయడానికే మనసొప్పడం లేదు. డ్యూటీ చేసి వచ్చి ఎత్తుతుంటే ఒకరోజు ఒకాయనకి మందు పేరు తప్పు చెప్పబోయి నాలుక కరుచుకున్నాను. అప్పుడు అర్థమైంది, ఇక లాభం లేదని. ఆఖరి రోజు ఆఖరున ఒక ముసలాయన చేశాడు. భార్యని పక్కకి తిప్పడం ఎలా అని. పక్కనే ఉండి చెప్పినట్టు చెప్పాను, ఆయన చేస్తూ ఆయాసపడుతూ "అయిందమ్మా, అయింది" అన్నాడు. తర్వాత, "రేపు మళ్ళీ చెయ్యొచ్చా?" అని అడిగాడు.

"రేపటినుంచి ఈ నంబరు ఉండదండీ" అన్నాను.

"మీరూ అలిసిపోయారా అమ్మా?" అన్నాడు.

"అవునండీ" అన్నాను.

"పడుకోండి మరి" అన్నాడు. ఎవరైనా నాకు ఆ మాట చెప్పి చాలా కాలమైంది. పడుకున్నాను కూడా.

నేను నీకు ఎవరినని అడిగావు. నువ్వు కాలు విరగ్గొట్టుకుంటే ముందు ఎవరికి చెబుతావో ఆలోచించుకో. జవాబు నాకు రాయక్కర్లేదు.

వదిన


అన్నయ్య ఇల్లు, ముందుగది

వదినా,

ఈ ఉత్తరానికి పనేమీ లేదు. మొదటిసారి ఇలా రాస్తుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సైటు గురించి ఒక్క మాట రాసి వదిలేస్తాను. పేజీలన్నీ బోడిగా ఉన్నాయి. వచ్చేవాళ్ళు మెల్లగా పెరుగుతున్నారు. అప్పుడప్పుడు ఎవరో ఒకరు "ప్రకటనలు లేకుండా హాయిగా ఉందండీ" అని మెచ్చుకుంటూ రాస్తున్నారు. చదివి ఏడవాలో నవ్వాలో తెలియక ధన్యవాదాలు చెబుతున్నాను. ఫోను నంబరు ఏమైందని కూడా అడుగుతున్నారు. దానికి మాత్రం జవాబు రాయలేక ఆ ఉత్తరాలు అలాగే ఉంచాను.

నాకు బస్సుల కంపెనీలో పని దొరికింది. ఏ బస్సు ఎన్నింటికో చూపించే పేజీలు. మొదటిరోజే పైఅధికారి నన్ను పిలిచి, "వెతికేవాళ్ళ కిటికీలో మన టైములు కనిపిస్తున్నాయి, టిక్కెట్టు కొనే గుర్తు మాత్రం కనిపించడం లేదమ్మా, ఎందుకంటావ్?" అన్నాడు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. కొత్తగా చేరినదానికి కళ్ళు తిరిగాయనుకుని మంచినీళ్ళు తెప్పించాడు పాపం.

మా గది మెట్లు ఎక్కలేనంత అలసటగా ఉంటోంది ఈమధ్య. సెలవురోజు అన్నయ్య వాళ్ళింటికి వచ్చి పడుకుంటున్నాను. ఆవిడ ఎందుకొచ్చావని అడగదు, ఎప్పుడు వెళ్తావనీ అడగదు. నువ్వు పిలవమన్నట్టు పిలవడానికి రెండుసార్లు నోరు తెరిచాను. "వ" దాకా వచ్చింది. ఆవిడకి "వచ్చాను" అన్నట్టు వినిపించి ఉంటుంది.

ఇవాళ మధ్యాహ్నం అన్నయ్య బజారుకెళ్ళాడు. నేను వాళ్ళ బల్ల దగ్గర కూర్చుని ఇది మొదలుపెట్టాను. ఆవిడ ఎదురుగా పుస్తకాల కొట్టు లెక్కలు చూసుకుంటోంది. కాసేపయ్యాక తలెత్తి, "ఎవరికి రాస్తున్నావు?" అంది.

అన్నయ్య చిన్నబోయిన మొహం గుర్తొచ్చింది. ఒక స్నేహితురాలికి అనొచ్చు. ఆఫీసు పని అనొచ్చు. నువ్వు అడిగిన ప్రశ్న కూడా గుర్తొచ్చింది, కాలు విరిగితే ఎవరికి చెబుతావని.

"మా వదినకి" అన్నాను.

నేను తలొంచుకుని కలం పట్టుకుని కూర్చున్నాను, ఒక్క అక్షరం పడితే ఒట్టు. ఆవిడ తన కాగితాలు కాస్త జరుపుకుని బల్ల మీద నాకు చోటు చేసింది.

"స్టాంపులు ఆ పైసొరుగులో ఉన్నాయి, తీసుకో" అంది.

తీసుకున్నాను. కవరు మీద ఉన్నది ఆవిడ స్టాంపే.

పిచ్చుక